బి-సైడు చివరి పాట

పోయిన నెలలో ఓ గురువారం మధ్యాహ్నం మా వాడు స్కూలు బస్సు దిగుతూనే, "అమ్మా, మనింట్లో గ్రేటెస్ట్ హిట్స్ ఉందా?" అని అడిగాడు. నేనేదో కొత్త రకం బిస్కెట్ ప్యాకెట్టు అనుకున్నాను. అక్కడే ఆపి, "ఏంట్రా అది?" అంటే, "అయ్యో అమ్మా, పాటల ఆల్బమ్!" అని తల కొట్టుకున్నాడు.

వాడిప్పుడు ఆరో తరగతి. మ్యూజిక్ క్లాసులో టీచర్ బాబ్ డిలన్ పాటలు వినిపించిందట. ఆయన పాట ఆయనే రాసుకుంటాడు, బాణీ ఆయనే కట్టుకుంటాడు, గిటార్ పట్టుకుని ఆయనే పాడతాడు. 1967లో వచ్చిన ఆయన గ్రేటెస్ట్ హిట్స్ రికార్డు గురించి చెప్పి, ఓ హోమ్‌వర్క్ ఇచ్చింది. ప్రతి పిల్లా తన ఇంటి భాషలో అలాంటి ఆల్బమ్ ఒకటి తీసుకొచ్చి, అది ఎవరిదో, అందులో ఆ పాటలే ఎందుకున్నాయో రెండు నిమిషాలు మాట్లాడాలి. క్లాసులో మలయాళీలు, పాకిస్తానీలు, ఈజిప్టు వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు ఉన్నారు. తెలుగువాడు మావాడొక్కడే.

"ఫోన్లో ఉన్న ప్లేలిస్ట్ తీసుకెళ్లు" అన్నాను వంటింట్లోకి నడుస్తూ.

"ప్లేలిస్ట్ కాదు. చేత్తో పట్టుకునేది కావాలి."

అప్పుడు గుర్తొచ్చింది, బీరువాలో పాస్‌పోర్టుల ఫైలు పక్కన స్టీలు డబ్బాలో ఉన్న క్యాసెట్. నాన్న పోయాక ఆయన ట్రంకు పెట్టెలోంచి నేను తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. పైన ఘంటసాల బొమ్మ, పక్కన హిట్స్ అన్న మాట. ఆరేళ్లుగా నాతోనే ఉంది. ఒక్కసారి కూడా వినలేదు. వినడానికి ఇంట్లో టేప్ రికార్డర్ లేదన్నది పైకి చెప్పుకునే కారణం.

మావాడి హోమ్‌వర్క్ కాస్తా నా హోమ్‌వర్క్ అయి కూర్చుంది. ముందు ఈ "హిట్స్" అన్న వస్తువు ఏమిటో చదువుకున్నాను. రికార్డు కంపెనీ లెక్కలో ఇది చాలా తెలివైన సరుకు. పాట ముందే రికార్డయి ఉంది, స్టూడియో ఖర్చు లేదు, వాయిద్యగాళ్లకి కొత్తగా ఇవ్వాల్సింది లేదు. జనానికి నచ్చిందని ముందే తేలిన పాటల్ని ఏరి ఓ కొత్త అట్టలో పెడితే చాలు. 1966 జులైలో డిలన్ మోటార్ సైకిల్ ప్రమాదంలో గాయపడి కొన్నాళ్లు కనపడకుండా పోయాడు. కొత్త పాటలు లేవు. ఆ ఖాళీలో 1967 మార్చిలో కంపెనీ పాతవి పది పాటలు ఏరి గ్రేటెస్ట్ హిట్స్ అని విడుదల చేసింది, మిల్టన్ గ్లేజర్ వేసిన పోస్టరు ఒకటి లోపల పెట్టి. అది లక్షల్లో అమ్ముడైంది. ఈగల్స్ అనే రాక్ బృందం 1976లో తెచ్చిన హిట్స్ సంకలనానికైతే 2018లో అమెరికాలోనే 38 సార్లు ప్లాటినం గుర్తింపు లెక్క తేలింది. అంటే 3 కోట్ల 80 లక్షల కాపీలతో సమానం. మొత్తం ఆల్బమ్‌లన్నీ కొనలేని వాళ్లకి ఇలాంటి ఒక్క రికార్డే ఆ గాయకుడి గురించి తెలిసిన సర్వస్వం.

మరి మనకి అలాంటి మనిషి ఎవరు? మన సినిమా పాట ఒకరి పని కాదు. రాసేది ఒకరు, బాణీ కట్టేది ఇంకొకరు, పాడేది మరొకరు, తెర మీద పెదవులు కదిపేది నాలుగో మనిషి. తానే కట్టి తానే పాడినవాళ్లలో మనింటింటికీ చేరినవాడు ఘంటసాల. ఆయన పాటల రచయిత కాడు, గిటార్ పట్టుకోలేదు. కానీ బాణీ, గొంతు రెండూ ఆయనవే అయిన పాటలు మన దగ్గర కోకొల్లలు.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం వెళ్లి, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర శిష్యుడయ్యాడు. జోలె పట్టి ఇంటింటా మధుకరం అడిగి తిన్న రోజులున్నాయి. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లాడు. మద్రాసు చేరాక చిన్న చిన్న వేషాలు, కోరస్‌లు. తర్వాత మనదేశం, పాతాళభైరవి, మాయాబజార్, గుండమ్మకథ, లవకుశ లాంటి సినిమాలకి సంగీత దర్శకుడు. 1970లో పద్మశ్రీ. 1974 ఫిబ్రవరి 11న పోయేనాటికి వయసు 51. ఆయన బాణీ కట్టి పాడిన భగవద్గీత రికార్డు ఆయన పోయాకే జనం చేతికొచ్చింది.

మావాడికి మధుకరం సంగతి చెబితే, "ఫుడ్ డెలివరీకి రివర్సా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ఇంటింటికీ వెళ్లి అన్నం అడగడమంటే ఏమిటో వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి అరగంట పట్టింది.

ఇక నాన్న సంగతి. మాది కోనసీమ. నాన్న పైప్ ఫిట్టర్. 1985లో దుబాయ్ వచ్చాడు, 1998లో ఇంటికి వచ్చేశాడు. జెబెల్ అలీ వైపు క్యాంపులో ఎనిమిది మంది ఉండే గది. అప్పట్లో సెలవు శుక్రవారం ఒక్కరోజే. ఆ రోజు కంపెనీ బస్సు డేరాలో దింపి సాయంత్రం మళ్లీ ఎక్కించుకునేది. బట్టలు, సబ్బులు, ఊరికి పంపే సామాను అన్నీ ఆ కాస్త టైములోనే కొనుక్కోవాలి.

డేరా, బర్ దుబాయ్ సందుల్లో క్యాసెట్ల షాపులు వరసగా ఉండేవని ఆ రోజులు చూసినవాళ్లు చెబుతారు. హిందీ, మలయాళం, అరబిక్, ఇంగ్లిష్ రాక్, ఓ మూల తెలుగు. ఇక్కడ రచనల హక్కుల చట్టం వచ్చింది 1992లో, 40వ నంబరు ఫెడరల్ చట్టం. అంతకుముందు ఎవరి పాటైనా ఎవరైనా కాపీ చేసి చవగ్గా అమ్మేయొచ్చు. అందుకే గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతి పెట్టెలోనూ క్యాసెట్లుండేవి. నాన్న క్యాసెట్ ఐదు దిర్హాములట. ఐదు దిర్హాములంటే అప్పటి లెక్కలో పాతిక ముప్పై రూపాయలు. క్యాంపులో పొదుపు మనుషులకి అది ఆలోచించి పెట్టే ఖర్చే. వేర్వేరు సినిమాల క్యాసెట్లు పదహారు కొనే బదులు, పదహారు సినిమాల పాటలున్న ఒక్క క్యాసెట్ కొన్నాడు.

నాన్నతో నేను గడిపిన కాలం ఓసారి లెక్కేశాను. పదమూడేళ్లలో రెండేళ్లకోసారి సెలవు, సెలవుకి రెండు నెలలు. అన్నీ కలిపితే ఒక్క సంవత్సరం. ఆ ఏడాదిలో ఆయన ఎప్పుడూ కొత్త చొక్కాతో, సెంటు వాసనతో, చాక్లెట్లతోనే ఉన్నాడు. అంటే నాన్నవి కూడా నాకు తెలిసినవి హిట్సే. మిగతా పాటలేవీ నాకు తెలియవు. క్యాసెట్ వినకుండా ఆరేళ్లు దాచిపెట్టడానికి అసలు కారణం అదేననుకుంటాను. విన్నాక అందులో పదహారు సినిమా పాటలు తప్ప ఇంకేమీ లేకపోతే?

టేప్ రికార్డర్ మా పై అంతస్తు అంకుల్ దగ్గర దొరికింది. త్రిసూర్ ఆయన, షార్జాలో ముప్పై ఐదేళ్ల నుంచి ఉన్నారు. యేసుదాస్ క్యాసెట్లు ఓ అట్టపెట్టె నిండా ఉన్నాయి. పాత టూ-ఇన్-వన్ దుమ్ము దులిపి ఇస్తూ, "ముందు మా యేసుదాస్‌ని పెట్టి మెషిన్ సరిగా ఉందో లేదో చూడు. పాడైతే నా క్యాసెట్ పాడవ్వాలి గానీ మీ నాన్నది కాదు" అన్నారు. ఆ మాటకి ఆయనకి ఎన్నిసార్లు బిర్యానీ పంపినా తక్కువే.

మీ ఇంట్లో కూడా ఇలాంటివి ఉంటాయి కాబట్టి, నేను చేసిన పని కాస్త వివరంగా చెబుతాను. నేను చదివింది బీఎస్సీ ఎం.పి.సి. చదువు అయ్యాక ఇన్నాళ్లకి ఫిజిక్సు ఇంట్లో పనికొచ్చింది.

క్యాసెట్ టేపంటే సన్నటి ప్లాస్టిక్ రిబ్బను మీద అయస్కాంత పొడి పూత, ఎక్కువగా ఐరన్ ఆక్సైడ్. వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున హెడ్డు ముందు నుంచి నడుస్తుంది. అరవై నిమిషాల క్యాసెట్‌లో రిబ్బను పొడవు సుమారు 86 మీటర్లు. రిబ్బనుని హెడ్డుకి ఆనించి ఉంచడానికి క్యాసెట్ మధ్యలో చిన్న మెత్త ఉంటుంది. పాతబడితే ఊడిపోయేది అదే. నాన్న క్యాసెట్‌లోనూ అది ఊడి లోపల దొర్లుతోంది. మెత్త లేకుండా వేస్తే పాట గుహలోంచి వినిపించినట్టు ఉంటుంది.

క్యాసెట్‌కి ఐదు మరలున్నాయి. అంకుల్ ఇచ్చిన ఖాళీ క్యాసెట్ విప్పి, ఆ డొక్కులోకి నాన్న రిబ్బను చుట్టలు రెండూ మార్చాను. వేళ్లు రిబ్బనుకి తగలకూడదు, చుట్ట చేతిలోంచి జారకూడదు. మా వారు ఫోన్ టార్చి పట్టుకున్నారు, మావాడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. మరలు బిగించాక పెన్సిల్‌తో నెమ్మదిగా నాలుగు చుట్లు తిప్పి చూశాను. తిరిగింది.

ఇంకో మాట. పాత టేపుని మొదటిసారి వేసినప్పుడే రికార్డు చేసుకోవాలి. అదే ఆఖరిసారి కావచ్చు. టూ-ఇన్-వన్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి లాప్‌టాప్‌కి వైరు పెట్టి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, అప్పుడు ప్లే నొక్కాను. అరగంట పాటలు కుదించకుండా దాస్తే 300 మెగాబైట్ల పైచిలుకు అవుతుంది. కుదించిన కాపీ ఫోన్లో ఉంచుకున్నా, ఈ పెద్ద ఫైలు మాత్రం చెరపకూడదు.

ఏ-సైడు వచ్చింది. పాతాళభైరవి, దేవదాసు, మాయాబజార్, జగదేకవీరుని కథ, గుండమ్మకథ... గొంతు కాస్త వణికింది, కానీ ఘంటసాలే. మా వారు ఆఫీసు ఫోన్ పక్కన పడేసి సోఫాలో వెనక్కి వాలారు.

మావాడు క్యాసెట్ కార్డు చూస్తూ ఓ ప్రశ్న వేశాడు. "ఇందులో సినిమా పేర్లే ఉన్నాయి. రాసిందెవరు? ట్యూన్ చేసిందెవరు?"

నిజమే. కార్డు మీద గాయకుడి బొమ్మ, సినిమా పేరు, పాట మొదటి మాటలు, అంతే. చవక సరుకులో మొదట తగ్గేది అక్షరాలు. మేం ముగ్గురం కూర్చుని ఒక్కో పాట పక్కన పేర్లు రాయడం మొదలుపెట్టాం. అంతా ఘంటసాలే అనుకున్న క్యాసెట్లో ఎంతమంది ఉన్నారో అప్పుడు తెలిసింది.

పాతాళభైరవి, 1951: రాసింది పింగళి నాగేంద్రరావు, బాణీ ఘంటసాల. గుండమ్మకథ, 1962: మళ్లీ ఆ ఇద్దరే. జగదేకవీరుని కథ, 1961: రాసింది పింగళి, బాణీ పెండ్యాల నాగేశ్వరరావు. మూగమనసులు, 1964: రాసింది ఆత్రేయ, బాణీ కె.వి. మహదేవన్. దేవదాసు, 1953: రచన సముద్రాల, సంగీతం సి.ఆర్. సుబ్బరామన్. ఘంటసాల అంతకుముందు ఆయన దగ్గరే సహాయకుడిగా పని చేశాడు. దేవదాసు పని పూర్తికాకముందే సుబ్బరామన్ చిన్న వయసులో పోయాడు, మిగిలింది ఆయన శిష్యులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు.

అన్నిటికన్నా చిక్కు మాయాబజార్ పడవ పాట. టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల. కానీ మొదట ఆ సినిమాకి కుదిరింది సాలూరి రాజేశ్వరరావు. ఆయన నాలుగు పాటలకి బాణీలు కట్టి తప్పుకున్నాడని, ఈ పడవ పాట వాటిలో ఒకటని, ఘంటసాల వాటికి వాద్యాలు సమకూర్చి రికార్డు చేశాడని చెబుతారు. రాసింది పింగళి. ఘంటసాలతో గొంతు కలిపింది పి. లీల. నీళ్ల మీద వెన్నెల పరిచింది కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే. ఒక్క పాటకి ఇంతమంది! మావాడు కార్డు మీద చోటు చాలక వేరే కాగితం అంటించాడు.

"డిలన్ అయితే ఒక్క పేరు రాస్తే అయిపోయేది" అని గొణిగాడు. ఆయనకి 2016లో సాహిత్యంలో నోబెల్ ఇచ్చారని వాడికి ముందే తెలుసు. "మరి పింగళికి ఇచ్చారా?" అన్నాడు. లేదన్నాను. కనీసం మన కాగితం మీదైనా ఉంటాడు కదా అని కాస్త పెద్దక్షరాలతో రాశాడు.

బి-సైడు తిప్పాను. ఏడు పాటలు సజావుగా వచ్చాయి. ఎనిమిదోది, చివరిది, డాక్టర్ చక్రవర్తి సినిమాలోది. 1964లో వచ్చింది, కోడూరి కౌసల్యాదేవి గారి నవల చక్రభ్రమణం ఆధారంగా. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. రాసింది శ్రీశ్రీ. మనసు తెలిసిన తోడు ఒకరుంటే బతుకు ఎలా ఉంటుందో చెప్పే పాట. పియానో మొదలైంది, పల్లవి అయింది. చరణంలోకి వెళ్తుండగా "ఠక్" మని చప్పుడు.

తర్వాత వాన.

పెంకుటింటి మీద పడే వాన. చూరు నుంచి కారి కింద గోలెంలో పడుతున్న నీళ్ల చప్పుడు. ఆ తర్వాత మా అమ్మ గొంతు, కానీ ఇప్పటి అమ్మ కాదు, ఇరవై ఎనిమిదేళ్ల అమ్మ.

"ఏమండీ, బాగున్నారా? ఇక్కడ అందరం బాగున్నాం. మొన్న కొబ్బరి దింపు తీయించాం. మామయ్య గారి మోకాలు నొప్పి తగ్గింది. మీరు పంపిన డబ్బుల్లో బ్యాంకు వాయిదా కట్టేశాం. ఇదిగో, పాప మాట్లాడతానంటంది..."

ఆ తర్వాత ఓ ఐదారేళ్ల పిల్ల. "నాన్నా, వాసనొచ్చే రబ్బరు తెస్తానన్నావు. తేలేదు. ఈసారి మర్చిపోతే నీతో పచ్చి." వెనక నాయనమ్మ నవ్వు. మళ్లీ వాన. మళ్లీ అమ్మ, "వానకి సరిగ్గా వినపడతందో లేదో. ఉంటానండీ" అంది. ఇంకాసేపు వాన. తర్వాత టేపు అయిపోయింది.

మా వాడు నా వంక చూసి, "అమ్మా, ఆ పాప ఎవరు?" అన్నాడు. నేను సమాధానం చెప్పే స్థితిలో లేను. మా వారే చెప్పారు.

ఫోన్లు అందుబాటులో లేని ఆ రోజుల్లో గల్ఫ్ ఇళ్లలో ఇలా క్యాసెట్ల మీద మాట్లాడి పంపుకోవడం మామూలే. ఊరెళ్లి వచ్చేవాళ్ల చేతికిస్తే పోస్టు కన్నా నమ్మకం. కొన్న పాటల క్యాసెట్ మీద రికార్డు కాకుండా వెనక అంచున చిన్న గుంట ఉంటుంది. దాంట్లో కాగితం కుక్కితే రికార్డు అవుతుంది. పాత డొక్కు తీసి చూశాను. బి-సైడు గుంటలో పసుపు పచ్చ కాగితపు ఉండ ఇంకా ఉంది. రికార్డు నొక్కినప్పుడు రిబ్బను ముందు చెరిపే హెడ్డు మీదుగా వెళ్లి, తర్వాత రాసే హెడ్డుకి వెళుతుంది. ఒకసారి చెరిగిన అయస్కాంతపు గుర్తులు ఏ సాఫ్ట్‌వేర్ వేసినా తిరిగి రావు. ఆ ఉత్తరం నాలుగు నిమిషాలు, అంటే పదకొండు మీటర్ల పైచిలుకు టేపు. అంత మేర శ్రీశ్రీ, రాజేశ్వరరావు, ఘంటసాల ముగ్గురూ పోయారు.

రాత్రి బోటిమ్‌లో అమ్మకి ఫోన్ చేశాను. వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు.

"ఇంకా ఉందా అది?" అంది చివరికి.

"పాట మీదెందుకు రికార్డు చేశావమ్మా? ఖాళీ క్యాసెట్ లేదా?"

"ఖాళీది కొనాలంటే అమలాపురం వెళ్లాలి. ఆ వానలో ఎవరెళ్తారే? మీ నాన్న సెలవుకొచ్చినప్పుడు ఈ క్యాసెట్ ఇక్కడే మర్చిపోయి వెళ్లారు. మీ పెదనాన్న గారబ్బాయి పొద్దున్నే ప్రయాణం. చివర్లో ఉన్న పాట కదా, అంత గొప్పది కాదేమో, అందుకే ఆఖర్న పడేశారనుకున్నా."

"అది శ్రీశ్రీ పాటమ్మా!"

"నాకేం తెలుసు? అందులో రాశారేంటి?"

నిజంగానే రాయలేదు.

"మరి నాన్న ఏమన్నారు? పాట పోయిందని కోప్పడలేదా?"

అమ్మ నవ్వింది. "తర్వాత సెలవుకొచ్చినప్పుడు అడిగాను. ఆయనకి ఆ పాటంటే ప్రాణమంట, నాకు తెలీదు. ఏమీ అనలేదు. గదిలో మనవైపోళ్లు ఇంకో ఇద్దరుండేవారుగా, ఆళ్లు శుక్రవారం అన్నాలు తినేసి, 'ఓసారి మీ వాన పెట్టండి' అనేవారంట. నా మాటలప్పుడు బయటికెళ్లిపోయి, వానప్పుడు లోపలికొచ్చేవారంట, మర్యాదకి. మీ నాన్న ఏమన్నారో తెలుసా? 'ఘంటసాల ఎక్కడైనా దొరుకుతాడు, ఈసారి ఏ-సైడు మీద కూడా మాట్లాడి పంపించు' అన్నారు."

"మరి పంపలేదేం?"

"చేతులు రాలేదే. ఒక పాట పాడు చేసినందుకే పాపం అనిపించింది. తర్వాతవి ఖాళీ క్యాసెట్లు కొనే పంపాను. అవన్నీ ఏమైపోయాయో."

అదీ సంగతి. ఖాళీ క్యాసెట్ల మీద మాట్లాడినవి ఒక్కటీ మిగల్లేదు. మళ్లీ మళ్లీ వాటి మీదే రికార్డు చేసుకుంటూ పోయి ఉంటారు. ఘంటసాల క్యాసెట్ కాబట్టి ఇది మాత్రం ఎవరూ పారేయలేదు, ఎవరూ చెరపలేదు. ఆ పదిహేను పాటలే అమ్మ ఉత్తరాన్ని ముప్పై ఏళ్లకి పైగా కాపాడాయి.

మర్నాడు మావాడు ఓ ఉపాయం చెప్పాడు. "అమ్మా, ఆ పోయిన పాట నెట్‌లో ఉందిగా. డౌన్‌లోడ్ చేసి ఆ చోట అతికించేద్దామా? ఆల్బమ్ ఫుల్ అవుతుంది."

ఈ రోజుల్లో అది రెండు నిమిషాల పని. పాట పూర్తిగా ఫోన్లో విన్నాం కూడా, నాలుగుసార్లు. కానీ అతికించలేదు. పూర్తి ఆల్బమ్ అందరికీ దొరుకుతుంది. మధ్యలో వాన పడే ఆల్బమ్ మా ఇంట్లోదొక్కటే. వాడికి ఈ మాట ఎక్కిందో లేదో తెలీదు గానీ, కాసేపు ఆలోచించి, "అయితే లిస్టులో పదహారో పాట దగ్గర ఏం రాయాలి?" అన్నాడు.

"నువ్వే చెప్పు."

వాడు రాశాడు: డాక్టర్ చక్రవర్తి, 1964. రచన శ్రీశ్రీ. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. గానం ఘంటసాల. పల్లవి వరకే. ఆ తర్వాత అమ్మమ్మ, అమ్మ, వాన.

సోమవారం క్లాసులో ఏం చెప్పావని అడిగితే, డిలన్ ఒక్కడే మూడు పనులూ చేస్తాడని, మా పాటలకి ఒక్కోదానికి ఐదుగురు కావాలని, అట్ట మీద మాత్రం ఒక్కడి బొమ్మే వేస్తారని చెప్పానన్నాడు. అంకుల్ టూ-ఇన్-వన్ మోసుకెళ్లడం కుదరక ఫోన్లోంచి చివరి పాట వినిపించాడట. పల్లవి, ఠక్, వాన. అమ్మమ్మ మాటలు రాకముందే ఆపేశాడట.

"అదేం, ఎందుకు ఆపేశావు?"

"తాతయ్య ఫ్రెండ్స్ బయటికెళ్లిపోయేవారు కదా, మర్యాదకి" అన్నాడు, బ్యాగు సోఫాలో పడేసి నీళ్ల సీసా వెతుక్కుంటూ.

ఈసారి సెలవులకి ఊరెళ్లినప్పుడు మీరూ అటక మీద పెట్టె ఓసారి దించండి. భక్తి పాటలు, హరికథలు, పౌరాణిక పద్యాలు, ఏవో హిట్స్, పనికిమాలినవని పక్కన పెట్టిన క్యాసెట్లు ఉంటాయి. వెనక అంచున గుంటలు చూడండి. కాగితపు ఉండ కానీ, ప్లాస్టర్ ముక్క కానీ కనపడితే, ఆ క్యాసెట్ చివరిదాకా వినకుండా పారేయకండి. మొదటిసారి వేసేటప్పుడే రికార్డు చేసుకోండి. పాటల పక్కన పేర్లు లేకపోతే, తెలిసినవాళ్లు ఉండగానే పిల్లల చేత రాయించండి.

మా స్టీలు డబ్బాలో ఇప్పుడు క్యాసెట్‌తో పాటు పాత డొక్కు, మావాడు రాసిన కాగితం కూడా ఉన్నాయి. పసుపు పచ్చ కాగితపు ఉండని మాత్రం గుంటలోంచి తీయలేదు. అన్నట్టు, ఆ వాసనొచ్చే రబ్బరు నాన్న తర్వాత సెలవుకి తెచ్చారు. స్ట్రాబెర్రీ వాసన. అది మాత్రం నాకు బాగా గుర్తుంది.